38 ఏళ్ల రీవ్స్‌కి 24 ఏళ్ల త్రూన్ ఎలా వచ్చాడు? ముసలి ఎన్‌ఫోర్సర్‌కి ధర కట్టేదెవరు? (2025 జూలై చర్చ)

స్కార్బరో_శీను
నిన్న ఆఫీసులో లంచ్ టైముకి ఫోన్ చూస్తే వార్త. మా టొరంటో లీఫ్స్ (ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ టీము) వాళ్లు ఎన్‌ఫోర్సర్, అంటే కొట్లాటల మనిషి రయన్ రీవ్స్‌ని శాన్ హోసే శార్క్స్‌కి ఇచ్చేసి, బదులుగా హెన్రీ త్రూన్ అనే డిఫెన్స్‌మన్‌ని తెచ్చుకున్నారు. నాకు ఒకే ఒక్క విషయం అంతుపట్టడం లేదు. మార్చిలో ఇదే రీవ్స్‌ని వేవర్స్‌లో, అంటే కావాలంటే ఊరికే తీసుకోండనే జాబితాలో పెట్టారు. మిగతా 31 టీముల్లో ఎవరైనా 24 గంటల్లోపు చెయ్యెత్తితే చాలు, బదులేమీ ఇవ్వకుండా తీసుకుపోవచ్చు. ఒక్కరూ ఎత్తలేదు. మార్లీస్‌కి (మా కింది లీగ్ టీము) పంపేశారు. ఈ నాలుగు నెలల్లో ఆయన వయసేమీ తగ్గలేదు, కాళ్లలో వేగమేమీ పెరగలేదు. ఊరికే ఇస్తామంటే వద్దన్న మనిషికి జూలైలో 24 ఏళ్ల కుర్రాడు ఎలా వచ్చాడు?

పోయిన సీజన్‌లో 35 ఆటలు, గోల్స్ సున్నా, అసిస్టులు రెండు. ఆటకి ఎనిమిది నిమిషాలు కూడా ఐస్ మీద లేడు. పైగా నవంబరులో ఎడ్మంటన్ డార్నెల్ నర్స్ తలకి తగిలిన చెక్‌కి ఐదు ఆటల సస్పెన్షన్. తిట్టాలని రాయడం లేదు. నా బీరువాలో 75 నంబర్ జెర్సీ ఉంది, ఆయనంటే ఇష్టమే. ఈ బేరం లెక్క ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

పక్_పాపారావు
మీ జీఎం (జనరల్ మేనేజర్) ట్రెలివింగ్ చేసిన మంచి పనుల్లో ఇదొకటి. తీసుకుని కళ్లకద్దుకో.

క్యాప్_లెక్కల_రావు
శీనూ, మార్చి వేరు, జూలై వేరు. మార్చిలో సీజన్ చివరికొచ్చేసింది. ప్లేఆఫ్స్‌కి వెళ్లే టీముకి ఆయన కోసం ఖాళీ లేదు, వెళ్లని టీముకి అవసరం లేదు. పైగా తీసుకున్నవాడు వచ్చే ఏడాది కాంట్రాక్ట్ కూడా నెత్తిన పెట్టుకోవాలి. 2023లో మీవాళ్లు ఇచ్చింది మూడేళ్లు, ఏడాదికి 1.35 మిలియన్ డాలర్లు. జూలైలో క్యాప్, అంటే టీము మొత్తం జీతాల పరిమితి, 88 నుంచి 95.5 మిలియన్లకి పెరిగింది. కనీసం ఇంత ఖర్చు పెట్టాలనే గీత కూడా ఉంటుంది కదా, అది 70.6 మిలియన్లు. శాన్ హోసేకి డబ్బు సమస్యే కాదు.

ఇప్పుడు త్రూన్ వైపు నుంచి చూడు. శార్క్స్ ఈ నెల మొదట్లో ఒర్లోవ్‌ని, క్లింగ్‌బర్గ్‌ని కొన్నారు, లెడ్డీని వేవర్స్‌లో పట్టారు. వెనకాల డిఫెన్స్‌లో చోటు లేదు. త్రూన్‌కి వందకి పైగా ఆటలు అయిపోయాయి కాబట్టి కింది లీగ్‌కి పంపాలంటే అతన్ని కూడా వేవర్స్‌లో పెట్టాల్సిందే. ఎవడో ఎగరేసుకుపోతాడని భయం. జీతం చూస్తే ఒక మిలియన్. ఇద్దరికీ మిగిలింది ఒక్క ఏడాదే. అక్కడ ఎక్కువైనవాడు ఇక్కడికి, ఇక్కడ ఎక్కువైనవాడు అక్కడికి. పెళ్లిలో వచ్చిన రెండో మిక్సీని పక్కింటి కుక్కర్‌తో మార్చుకున్నట్టు.

పక్_పాపారావు
గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నమాట.

స్కార్బరో_శీను
@రావు మిక్సీ సరే. మార్లీస్‌లోనే ఉంచితే మాకు నష్టమేమిటి? క్యాప్‌లోంచి పోతుంది కదా?

క్యాప్_లెక్కల_రావు
మొత్తం పోదు. 1.15 మిలియన్ల వరకే తీసేస్తారు. మిగతా రెండు లక్షల డాలర్లు లెక్కలోనే ఉంటాయి, యజమాని జేబులోంచి పూర్తి జీతం వెళ్తూనే ఉంటుంది. టీముకి ఉండే 50 కాంట్రాక్టుల్లో ఒకటి ఆయన పేరుతో నిండిపోతుంది. ఇప్పుడు అదే చోటులో ఆడగలిగే కుర్రాడు ఉన్నాడు. ఆడితే లాభం, ఆడకపోతే పోయిందేమీ లేదు.

నల్లగొండ_నైట్‌షిఫ్ట్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకుండ్రి. నేను హైదరాబాద్‌లో కెనడా క్లయింటు పని చేస్త, రాత్రి డ్యూటీ. మా మేనేజర్ టొరంటో ఆయన, పొద్దున కాల్‌లో మొదటి పది నిమిషాలు లీఫ్స్ ముచ్చటే. నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, గడ్డి మీద ఆట. ఈ ఎన్‌ఫోర్సర్ అంటే ఎవరు? గోల్ కొట్టడు, ఆపడు, కొట్లాడుతడు, దానికి జీతమా? అంపైర్ బయటికి పంపడా?

బ్రాంప్టన్_బాబాయ్
తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. నేనిక్కడికి వచ్చి ముప్పై ఏళ్లవుతోంది. వచ్చిన మొదటి చలికాలంలో నాకూ ఇదే అనుమానం.

టీములో మంచి ఆటగాడు ఒకడుంటాడు, సన్నగా, వేగంగా, చేతుల్లో మాయ ఉంటుంది. అవతలివాళ్లు వాణ్ని గోడకేసి గుద్దుతారు. రెఫరీ కొన్ని చూస్తాడు, కొన్ని చూడడు. చూడని వాటికి లెక్క తేల్చడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆయనే ఎన్‌ఫోర్సర్. గ్లవ్స్ కిందపడేసి ఇద్దరూ తలపడితే లైన్స్‌మెన్ కాసేపు పక్కన నిలబడి చూస్తారు, ఎవరో ఒకరు పడ్డాక విడదీస్తారు. ఇద్దరికీ చెరో ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్స్. తర్వాత మళ్లీ ఆటలోకి రావచ్చు. అవతలివాడు ఒప్పుకోకుండా నువ్వే మొదలుపెడితే మాత్రం పైన రెండు నిమిషాలు, ఇంకో పది నిమిషాలు కలుపుతారు.

నేను వచ్చినప్పుడు టొరంటోలో టై డోమీ రాజ్యం. మనిషి పొట్టి, తల బండరాయి. కెరీర్‌లో 3,515 పెనాల్టీ నిమిషాలు, లీగ్ చరిత్రలో మూడో స్థానం. మా ఫ్యాక్టరీలో లంచ్ టేబుల్ దగ్గర గోల్స్ గురించి కన్నా డోమీ నిన్న ఎవరిని కొట్టాడన్న మాటే ఎక్కువ ఉండేది. అతన్ని విన్నిపెగ్ నుంచి 1995లో తెచ్చుకోవడానికి మైక్ ఈస్ట్‌వుడ్‌నీ, ఒక మూడో రౌండ్ పిక్‌నీ ఇచ్చారు. పిక్ అంటే ఏటా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడానికి టీముకి వచ్చే వంతు, ముందు రౌండ్‌దైతే విలువ ఎక్కువ. అప్పటికి డోమీ కుర్రాడే. ఆ తర్వాత పదకొండేళ్లు ఇక్కడే ఉన్నాడు. మంచి బేరం.

నల్లగొండ_నైట్‌షిఫ్ట్
లైన్స్‌మెన్ నిలబడి చూస్తరా! మా ఊర్ల కబడ్డీల కూడ గింత లేదు బాబాయ్.

ఎడిసన్_చిన్నా
రీవ్స్ ధర ఎప్పుడెప్పుడు ఎంత పలికిందో వరసగా చెప్తా, అప్పుడు శీను అన్న ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

2017 జూన్. రీవ్స్‌కి 30. సెయింట్ లూయిస్ నుంచి పిట్స్‌బర్గ్‌కి. పిట్స్‌బర్గ్ ఇచ్చింది సుండ్‌క్విస్ట్ అనే ఆటగాడు, ఇంకా 31వ పిక్, అంటే మొదటి రౌండ్ ఆఖరిది. తిరిగి తీసుకుంది రీవ్స్, 51వ పిక్. ఫోర్త్ లైన్ (అన్నిటికన్నా తక్కువసేపు ఆడే వరస) మనిషి కోసం మొదటి రౌండ్ వదులుకున్నారు! ఎందుకు? ఆ మే నెలలో వాషింగ్టన్‌తో ఆడుతుంటే పిట్స్‌బర్గ్ స్టార్ క్రాస్‌బీకి కంకషన్ (తలకి దెబ్బ) అయింది. స్టాన్లీ కప్పు గెలిచారు గానీ తమ ఆటగాళ్లు దెబ్బలు తింటున్నారని వాళ్ల జీఎం రూథర్‌ఫర్డ్‌కి ఒళ్లు మండింది.

2018 ఫిబ్రవరి. బ్రసార్డ్ అనే ఆటగాడి కోసం జరిగిన మూడు టీముల బేరంలో ఇతన్నీ కలిపి వేగస్‌కి పంపేశారు. పిట్స్‌బర్గ్‌లో పూర్తి సీజన్ కూడా లేడు.

2021 జూలై, వయసు 34. వేగస్ నుంచి న్యూయార్క్ రేంజర్స్‌కి, ఒక మూడో రౌండ్ పిక్‌కి.

2022 నవంబర్, 35. రేంజర్స్ నుంచి మిన్నెసోటాకి, ఐదో రౌండ్ పిక్‌కి.

2025 మార్చి, 38. వేవర్స్. సున్నా.

2025 జూలై. త్రూన్.

ఇందులో 2021 బేరం చూడండి. ఆ మే 3న వాషింగ్టన్ టామ్ విల్సన్ రేంజర్స్ స్టార్ పనారిన్‌ని ఐస్ మీద పడేశాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే వాషింగ్టన్‌తో ఆట, మొదటి ఐదు నిమిషాల్లో ఆరు ఫైట్లు. అదే రోజు రేంజర్స్ ప్రెసిడెంటునీ జీఎంనీ తీసేశారు. వేసవిలో కొత్త జీఎం డ్రూరీ చేసిన పనుల్లో రీవ్స్‌ని తేవడం ఒకటి. 34 ఏళ్లవాడికి మూడో రౌండ్ ఎక్కువే. ఆ ధర కట్టింది రీవ్స్ ఆట చూసి కాదన్నా, పనారిన్ పడ్డ వీడియో చూసి.

స్కార్బరో_శీను
ఇలా వరసపెట్టి ఎప్పుడూ చూడలేదు తమ్ముడూ. 2017 నుంచి మార్చి దాకా మెట్లు దిగినట్టు దిగింది, జూలైలో ఒక మెట్టు ఎక్కింది.

పక్_పాపారావు
సుండ్‌క్విస్ట్ 2019లో సెయింట్ లూయిస్‌తో కప్పు ఎత్తాడు. పిట్స్‌బర్గ్ ఆ తర్వాత ఎత్తింది లేదు. అంతే చెప్తా.

శాన్‌హోసే_స్వాతి
మా ఊరి టీము గురించి ఇంతసేపు మాట్లాడుతూ మమ్మల్ని ఒక్కళ్లూ అడగలేదు.

మేము రెండేళ్లుగా లీగ్‌లో అట్టడుగున ఉన్నాం. పోయిన సీజన్‌లో 52 పాయింట్లు. అయినా నేను మా పెద్దోణ్ని తీసుకుని ఎస్‌ఏపీ సెంటర్‌కి (మా టీము ఆడే స్టేడియం) వెళ్తూనే ఉన్నాను, ఎందుకంటే సెలెబ్రీని ఉన్నాడు. 18 ఏళ్లకి 70 ఆటల్లో 63 పాయింట్లు. పక్కన విల్ స్మిత్. ఈ జూన్‌లో రెండో పిక్‌తో మైకేల్ మీసాని తీసుకున్నారు. అందరూ పిల్లలే. మా సీట్లు గోడకి దగ్గర. ఆ పిల్లాణ్ని ఎవరైనా మూలకి తోసినప్పుడు అద్దం గిలగిల్లాడుతుంది, నా గుండె కూడా. మావాడు నా చెయ్యి పట్టుకుని "అమ్మా, వాణ్ని ఎవరూ ఏమీ అనరా?" అంటాడు.

మా జీఎం గ్రియర్ వెయ్యికి పైగా ఆటలు ఆడిన మనిషి, ఒళ్లు దాచుకోకుండా ఆడినవాడు. ఆయనకి తెలియదంటారా? రీవ్స్ వచ్చి ఇరవై గోల్స్ వేస్తాడని మాకెవరికీ లేదు. 40 ఆటలు ఆడి, మిగతా 42 ఆటలు డ్రెస్సింగ్ రూములో ఆ పిల్లల పక్కన కూర్చుంటే మాకు చాలు. త్రూన్ మంచివాడే, హార్వర్డ్‌లో చదివి వచ్చినవాడు. కానీ ఆ చోటుకి మాకు వేరేవాళ్లు వచ్చేశారు.

ఎడ్మంటన్_ఈశ్వర్
స్వాతి గారూ, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోను. ఒకడు బెంచీ మీద ఉన్నాడని భయపడి కొట్టకుండా ఆగిపోయినవాడు ఈ రోజుల్లో ఎవడున్నాడు? రీవ్స్ రేంజర్స్‌లో ఉన్న ఏడు వాళ్లు 2022లో కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్లారు నిజమే, అది గోల్‌కీపర్ షెస్టర్కిన్ చలవ. ఆ ఏడు వెజీనా ట్రోఫీ (ఉత్తమ గోల్‌కీపర్ బహుమతి) అతనిదే. గోల్‌కీపర్ గెలిపిస్తే పేరు కొట్లాటగాడికి.

ఒకప్పుడు వేరు. మా ఊళ్లో డేవ్ సెమెంకో ఉండేవాడు, గ్రెట్జ్‌కీకి కాపలా. గ్రెట్జ్‌కీతో ఒకే లైన్‌లో ఆడేవాడు కూడా. అంత కాపలా కాసిన సెమెంకోని 1986 డిసెంబర్‌లో హార్ట్‌ఫర్డ్‌కి ఎంతకిచ్చారు? ఒక్క మూడో రౌండ్ పిక్. అప్పటికి అతనికి ముప్పై కూడా నిండలేదు. అతని చోటుకి మెక్‌సోర్లీ అప్పటికే ఉన్నాడు. 1988 ఆగస్టు 9న గ్రెట్జ్‌కీని లాస్ ఏంజలెస్‌కి అమ్మినప్పుడు, మెక్‌సోర్లీ కూడా నాతో రావాలని గ్రెట్జ్‌కీ పట్టుబట్టాడు. ఇప్పటికీ మా ఆఫీసులో పెద్దవాళ్లు ఆ తేదీ ఎవరో పోయిన రోజులా చెప్తారు.

శాన్‌హోసే_స్వాతి
@ఈశ్వర్ మీ మాటల్లోనే నా జవాబు ఉంది కదా. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు కొత్త ఊరికి వెళ్తూ వెంట కావాలన్నాడు ఆ మనిషిని. మీరూ నేనూ బయటినుంచి లెక్కలు వేస్తాం. దెబ్బలు తినేవాడికి ఎవరు పక్కనుంటే ధైర్యమో వాడికే తెలుస్తుంది.

ఎడ్మంటన్_ఈశ్వర్
1988లో అన్నాను. అప్పటి మాట.

ఎడిసన్_చిన్నా
ఈశ్వర్ అన్నా, 1988 దాకా ఎందుకు, 2024 చెప్తా. ఫిబ్రవరి 22న రేంజర్స్ కుర్రాడు రెంపీ, ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, మా న్యూజెర్సీ డెవిల్స్ ఆటగాడు బాస్టియన్‌ని గుద్దాడు. సరిగ్గా వారం దాటాక మావాళ్లు కొలరాడో నుంచి మెక్‌డెర్మిడ్‌ని తెచ్చారు. ఏడో రౌండ్ పిక్, బార్డకోవ్ అనే కుర్రాడి హక్కులు ఇచ్చారు. మెక్‌డెర్మిడ్‌కి ముప్పై నిండడానికి ఇంకో నెల కూడా లేదు. మార్చిలో అదే రెంపీ మోచేత్తో సీగెన్‌థాలర్ తల మీద కొట్టాడు, నాలుగు ఆటల సస్పెన్షన్. ఏప్రిల్ 3న ఆట మొదలై పక్ కిందపడిందో లేదో, పదిమందీ గ్లవ్స్ పడేశారు. ఎనిమిదిమందిని బయటికి పంపేశారు. మా రూమ్‌మేట్ పాప్‌కార్న్ తీసుకుని వచ్చేసరికి అయిపోయింది, వాడు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ధర మాత్రం గమనించు. మొదటి రౌండ్ ఏడో రౌండ్ అయిపోయింది. అవసరం ఉంది, డబ్బు పెట్టే అవసరం లేదు.

క్యాప్_లెక్కల_రావు
చిన్నా చెప్పిందాంట్లో అసలు కీలకం ఇది. కొట్లాటకి విడిగా ధర పడిపోయింది. కొట్లాటతో పాటు ఆట కూడా వస్తే ఇప్పటికీ కళ్లు తిరిగే ధర. 2023 ఫిబ్రవరిలో టాంపా వాళ్లు జెనోట్ అనే ఆటగాడి కోసం నాష్‌విల్‌కి ఒక ఆటగాణ్ని, అయిదు పిక్‌లు ఇచ్చారు. మొదటి రౌండ్, రెండో రౌండ్, మూడు, నాలుగు, అయిదు. జెనోట్‌కి అప్పుడు 25, ముందు ఏడాది 24 గోల్స్ కొట్టాడు. ఏడాదిన్నర తిరిగేసరికి లాస్ ఏంజలెస్‌కి ఒక రెండు, ఒక నాలుగుకి అమ్మేశారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

అందుకని ముసలి ఎన్‌ఫోర్సర్‌ని కొనేటప్పుడు పిక్ వైపు చూడకూడదు, కొనేవాడి ఇంట్లో ఏం జరిగిందో చూడాలి. ఎవరి పిల్లాడు దెబ్బ తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు. అది తాజాగా ఉంటే మూడో రౌండ్. పాతబడితే ఐదో రౌండ్.

నల్లగొండ_నైట్‌షిఫ్ట్
ఇప్పుడు సమజైంది. మా మేనకోడలి పెళ్లప్పుడు దొంగలు పడ్డరని భయమై వాచ్‌మన్‌ని పెట్టిండ్రు. రెండు నెలలైనంక జీతం దండుగ అన్నరు.

పక్_పాపారావు
అబ్బా! వాచ్‌మన్ ఉదాహరణ ముందు రావు గారి మిక్సీ ఓడిపోయింది.

బ్రాంప్టన్_బాబాయ్
మీ కోచ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం శీనూ? బెరూబీ. ఆయనా ఇదే పని చేసి బతికినవాడు, 3,149 పెనాల్టీ నిమిషాలు. 1991 సెప్టెంబరులో ఎడ్మంటన్ నుంచి టొరంటోకి గ్రాంట్ ఫ్యూర్, గ్లెన్ ఆండర్సన్ వచ్చిన పెద్ద బేరంలో తోడుగా వచ్చాడు. నాలుగు నెలలు తిరక్కుండా, 1992 జనవరి 2న, డగ్ గిల్మోర్ కోసం జరిగిన పదిమంది బేరంలో తోడుగా కాల్గరీకి పోయాడు. ఇంట్లో అట్టపెట్టెలు విప్పి ఉంటాడో లేదో. తూకం సరిపోవడానికి వేసే రాయిలాగా ఈ చివర్నుంచి ఆ చివరికి మారిన మనిషి. అలాంటివాడి చేతుల మీదుగానే రీవ్స్ మార్లీస్‌కి వెళ్లాడు. ఆ రోజు ఆ గదిలో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ, చెప్పడం బెరూబీకి తేలిక అయ్యుండదని నా నమ్మకం.

స్కార్బరో_శీను
బాబాయ్, ఇది నాకు నిజంగా తెలీదు. మనసులో పడిపోయింది.

నర్సక్క_కాల్గరీ
రెండు రోజులుగా చదువుతున్నాను. రాయకూడదు అనుకున్నాను, ఆగలేకపోయాను. మెట్లు దిగడం, తూకం రాయి, మిక్సీ, వాచ్‌మన్. అందరూ ప్రేమగానే రాశారు, కాదనను. కానీ ఇంతసేపు ధర మాట్లాడి ఎవరూ తల గురించి మాట్లాడలేదు.

నేను పునరావాస వార్డులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. చాలా ఏళ్ల కిందట ఒకాయన ఉండేవారు. పైలీగ్‌కి ఎప్పుడూ వెళ్లలేదు, కింది లీగుల్లో తొమ్మిదేళ్లు కొట్లాడి బతికారు. వయసు యాభై లోపే. కుడిచేతి పిడికిలి పూర్తిగా మూసుకోదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు తీసుకుంటారు, సాయం చేస్తానంటే వద్దంటారు. పొద్దున నా పేరు అడిగి, మధ్యాహ్నం మళ్లీ అడిగేవారు. ఫలానా ఊళ్లో ఫలానావాడితో కొట్లాట మాత్రం ఏ చేత్తో మొదలైందో కూడా చెప్పేవారు. ఆయన్ని ఒకసారి బస్సు టైర్లకీ కొంత డబ్బుకీ మార్చుకున్నారట, నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

పైలీగ్ వాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. బాబ్ ప్రోబర్ట్ 2010లో 45 ఏళ్లకే పోయాడు, మెదడు పరీక్షిస్తే సీటీఈ, తలకి మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలి వచ్చే మెదడు జబ్బు. డెరెక్ బూగార్డ్‌తో రేంజర్స్ 2010లో నాలుగేళ్లకి 6.5 మిలియన్ల కాంట్రాక్ట్ చేసుకున్నారు. మరుసటి మే నెలలో నొప్పి మాత్రలు, మద్యం కలిసి పోయాడు. 28 ఏళ్లు. అతని మెదడులోనూ అదే. అదే వేసవిలో రిప్పియన్, బెలాక్ కూడా పోయారు. నాలుగు నెలల లోపే ముగ్గురు. 2018లో లీగ్ 318 మంది మాజీ ఆటగాళ్లతో 18.9 మిలియన్లకి రాజీ చేసుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. మనిషికి ఎంత పడుతుందో రావు గారు లెక్క కట్టగలరు.

క్యాప్_లెక్కల_రావు
మనిషికి సుమారు 59 వేల డాలర్లు, లాయర్ల ఖర్చు తీయకుండా. అక్కా, నిన్నటి నుంచి నేను రాసిన లెక్కల్లో ఇది లేదు. ఉండాల్సింది.

ఎడ్మంటన్_ఈశ్వర్
నర్సక్క గారూ, నేను కూడా ఇదే వైపు. అందుకే ఆ ఉద్యోగమే ఉండకూడదంటాను. మీరు ధర మీద కోప్పడుతున్నారు, నేను పని మీద.

శాన్‌హోసే_స్వాతి
నేను ఒప్పుకుంటాను, ఒప్పుకోను కూడా. అక్కా మీరు రాసింది చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. కానీ రీవ్స్ తనంతట తాను ఈ ఏడాది కూడా ఆడాలనుకుంటున్నాడు. 38 ఏళ్లకి ఇంకొక అవకాశం ఇచ్చిన ఊరు మాది. ఆయన్ని తీసుకోకుండా ఉంటే ఆయన తలకి మేలు జరిగేదేమో, ఆ ఎంపిక మనం చేయాలా?

నర్సక్క_కాల్గరీ
స్వాతీ, ఆయన ఎంపికే. దాన్ని తప్పు పట్టడం లేదమ్మా. డ్రెస్సింగ్ రూములో కూర్చుంటే చాలు అన్నావు చూడు, అలా జరిగితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

పక్_పాపారావు
నేను జోకులేస్తూ వచ్చాను. ఇప్పుడు ఒక మంచి కథ చెప్తా. జాన్ స్కాట్. మన ఇంజనీరే, మిషిగన్ టెక్‌లో మెకానికల్ చదివాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. కెరీర్ మొత్తంలో కొట్టినవి ఐదు గోల్స్. 2016 ఆల్‌స్టార్ ఆటకి జనం ఓట్లేసి గెలిపించేశారు, సరదాకి. లీగ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ జనవరిలో అరిజోనా అతన్ని మాంట్రియల్‌కి ట్రేడ్ చేస్తే, వాళ్లు నేరుగా న్యూఫౌండ్‌లాండ్‌లోని కింది టీముకి పంపారు. ఇంట్లో భార్య కవలలతో నిండు గర్భిణి. జనం గొడవ చేస్తే చివరికి ఆడనిచ్చారు. నాష్‌విల్‌లో రెండు గోల్స్ కొట్టి, అత్యుత్తమ ఆటగాడి బహుమతి పట్టుకుపోయాడు. తోటి ఆటగాళ్లు భుజాలకెత్తుకున్నారు. ఆ ట్రేడ్‌లో అతని ధర ఎంతో అడిగితే, నాలుగైదు పేర్ల చిట్టాలో ఒక పేరు. అంతే.

నల్లగొండ_నైట్‌షిఫ్ట్
గీ కథ రేపు మా మేనేజర్‌కి చెప్త. మొదటి పది నిమిషాలు నాయి.

ఎడిసన్_చిన్నా
మన దేశపు మూలాలున్నవాళ్లలో మొదట ఎన్‌హెచ్‌ఎల్ ఆడిన రాబిన్ బావా కూడా ఈ కోవకి చెందినవాడే. బ్రిటిష్ కొలంబియా పంజాబీ కుటుంబం. 61 ఆటలు, నాలుగు టీములు. చోటు నిలబెట్టుకోవడానికి గ్లవ్స్ పడేయాల్సి వచ్చినవాడు.

బ్రాంప్టన్_బాబాయ్
నర్సక్క రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. మార్లీస్ ఆటకి మనవణ్ని తీసుకెళ్లాను, రెండేళ్ల కిందట. మా సీట్లు పెనాల్టీ బాక్స్ వెనకాల. రెండో పీరియడ్‌లో ఇద్దరు కొట్టుకున్నారు, జనం లేచి అరుస్తున్నారు. ఒకతను బాక్స్‌లోకి వచ్చి కూర్చున్నాడు. గడ్డంలో నెరిసిన వెంట్రుకలు. పిడికిలి వాచిపోయి గ్లవ్ ఎక్కడం లేదు. తలుపు దగ్గరుండే ముసలాయన గ్లవ్ నోరు రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాడు, పసిపిల్లాడికి చెప్పు తొడిగినట్టు. ఇతను మెల్లగా వేళ్లు దూర్చాడు. థాంక్యూ చెప్పాడు. బయట ఇద్దరు కుర్రాళ్లు పారలతో ఐస్ మీద రక్తం గీకుతున్నారు. ఐదు నిమిషాలయ్యాక లేచి మళ్లీ వెళ్లాడు. మావాడు "తాతా, ఆయన గెలిచాడా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక సమోసా కొనిపెట్టాను.

స్కార్బరో_శీను
బాబాయ్...

నేను బేరం లెక్క అడిగాను, చాలా దూరం వచ్చాం. రావు అన్నయ్య, చిన్నా చెప్పాక లెక్క తెలిసింది. మార్చిలో ఎవరి ఇంట్లోనూ భయం లేదు, జూలైలో స్వాతి గారి ఇంట్లో ఉంది. ఇక త్రూన్ ఎలా ఆడతాడో సెప్టెంబరు క్యాంపులో చూద్దాం. ఈశ్వర్ అన్నతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. రీవ్స్ ఐస్ మీదికి దిగినప్పుడు మా బెంచీలో కుర్రాళ్ల మొహాలు మారడం నేను కళ్లారా చూశాను.

ఎడ్మంటన్_ఈశ్వర్
మొహాలు మారతాయి, స్కోరు మారదు. ఉండు, క్యాంపు అయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం.

నల్లగొండ_నైట్‌షిఫ్ట్
ఒక్క డౌటు. ఆయన కాంట్రాక్ట్ వచ్చే ఎండాకాలం అయిపోతది కదా. అప్పుడు ధర ఎంత?

క్యాప్_లెక్కల_రావు
అప్పుడు ట్రేడ్ ఉండదు తమ్ముడూ. ఎవరైనా పిలిస్తే ఆడతాడు, లేకపోతే ఇంటికి.

శాన్‌హోసే_స్వాతి
మీ టొరంటో టీము మా ఊరొచ్చినప్పుడు నేనూ మావాడూ అదే గోడ పక్క సీట్లలో ఉంటాం. శీను గారూ, మీ తరఫున ఏదైనా అట్ట మీద రాసి పట్టుకోమంటే పట్టుకుంటాం. మావాడి చేతిరాత పెద్దగా ఉంటుంది.

స్కార్బరో_శీను
పట్టుకోండి. తెలుగులో రాయించండి. "75, తల జాగ్రత్త" అని.